పల్లెలో బతకాలంటే ఎంత భూమి కొనాలి? గుంటల లెక్కతో సమగ్ర మార్గదర్శి

ఊళ్ళో స్థిరపడదామనుకునే ప్రతి ఒక్కరూ మొదట అడిగేది "ఎన్ని ఎకరాలు కొనమంటారు?" అనే. బ్రోకర్‌ని అడిగితే మీ దగ్గర ఎంత ఉందో కనుక్కుని దానికి సరిపడా ఎకరాలు చూపిస్తాడు. చుట్టాలను అడిగితే కొంటే అయిదెకరాలైనా ఉండాలి కదా అంటారు. ఈ రెండు మాటలూ పక్కన పెట్టండి. మీ ఇంట్లో తినేవాళ్ళు ఎందరు, మే నెలలో బోరు ఎంత పోస్తుంది, రోజూ చేనులో దిగి పనిచేసేవాళ్ళు ఎందరు, ఈ మూడూ తేలితే విస్తీర్ణం దానంతటదే తేలుతుంది. నలుగురున్న కుటుంబం తన తిండి తాను పండించుకుంటూ బతకడానికి అది ఎకరం, ఎకరంన్నర దగ్గర ఆగుతుంది. అంతకు మించి కొన్న ప్రతి గుంటకూ ఒక కారణం ఉండాలి.

హైదరాబాద్ చుట్టుపక్కల వికారాబాద్, సంగారెడ్డి, సిద్దిపేట, జనగామ వైపు మెట్ట భూములను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను, ఎందుకంటే నగరం నుంచి వెళ్ళేవాళ్ళు ఎక్కువగా చూసేది అవే. ఆంధ్రలో ఉన్నవాళ్ళు గుంటకు రెండున్నర సెంట్లు అనుకుని చదువుకోండి, లెక్క అదే.

1. ముందు గుంట ఎంత ఉంటుందో కాళ్ళతో తెలుసుకోండి

ఎకరానికి 40 గుంటలు, 100 సెంట్లు, 4,840 గజాలు. గుంట అంటే 121 గజాలు, అంటే పొడవు 33 అడుగులు, వెడల్పు 33 అడుగులు ఉన్న చదరం. నగరంలో ఉన్నవాళ్ళకు గజాలు బాగా తెలుసు, ఎకరం తెలియదు, అందుకే ఎకరం అనగానే చిన్నదేమో అనిపిస్తుంది. ఎకరం చదరంగా ఉంటే ఒక్కో వైపు దాదాపు 209 అడుగులు. ఒక ఆదివారం ఏదైనా ఖాళీ జాగాకు తాడు పట్టుకుని వెళ్ళి నాలుగు మూలలా కర్రలు పాతి, ఎండలో చుట్టూ తిరగండి. దాని మధ్యలో నిలబడి, ఈ నేల మొత్తంలో తొలకరి తర్వాత మొలిచే గరిక, తుంగ, వయ్యారిభామ నేనే పీకాలి అని అనుకుని చూడండి. అయిదెకరాల ఆలోచన చాలామందికి అక్కడే మారుతుంది.

2. ఏం చేయడానికి వెళ్తున్నారో ఒక కాగితం మీద రాయండి

"ప్రశాంతంగా ఉండటానికి" అని రాయకండి, దాంతో లెక్క కుదరదు. అక్కడ ఉంటూ ఉద్యోగమో పెన్షనో నడుస్తుందా, లేక తిండి గింజలు కూడా మనమే పండించుకోవాలా, లేక ఇంటి ఖర్చంతా ఆ భూమే మొయ్యాలా? ఈ మూడింటికీ మూడు వేర్వేరు జవాబులు. మొదటిదానికి 10 నుంచి 20 గుంటలు హాయిగా సరిపోతాయి. రెండోదాని లెక్క కిందే వివరంగా ఉంది. మూడోది అయితే ఎకరాల సంఖ్య కన్నా ముందు మీ దగ్గర మూడేళ్ళ ఇంటి ఖర్చు పక్కన ఉందా లేదా చూసుకోవాలి, ఎందుకంటే మామిడి పెడితే చెప్పుకోదగ్గ కాపు రావడానికి నాలుగైదేళ్ళు పడుతుంది, కూరగాయలైతే డబ్బు త్వరగా కనిపిస్తుంది గానీ అరెకరం పందిరి కూరగాయలు ఇద్దరు మనుషులకు రోజంతా పని.

భార్యాభర్తలు ఈ కాగితం విడివిడిగా రాసి తర్వాత పక్కపక్కన పెట్టుకుంటే ఇంకా మంచిది. ఒకరి కాగితంలో ఆవు, మరొకరి కాగితంలో నెలకు రెండుసార్లు సిటీకి వెళ్ళిరావడం ఉంటే ఆ సంగతి భూమి కొనకముందే మాట్లాడుకోవాలి. ఆవు ఉన్న ఇంటికి తాళం వేసి వెళ్ళలేరు.

3. తిండి నుంచి గుంటలకు రండి

ఇదే అసలు లెక్క, కాబట్టి నిదానంగా చేద్దాం. నలుగురు పెద్దవాళ్ళున్న ఇల్లు అనుకోండి.

బియ్యం ఏడాదికి 450 కిలోలు పడుతుందనుకుందాం. వడ్లు మర పట్టిస్తే నూటికి 65 వంతులు బియ్యం వస్తుంది, అంటే దాదాపు 700 కిలోల వడ్లు కావాలి. అనుభవమున్న రైతు ఎకరానికి 25 క్వింటాళ్ళు తీస్తాడు గానీ కొత్తవాళ్ళు, అందులోనూ మందులు వాడకుండా చేద్దామనుకునేవాళ్ళు 20 వేసుకోవడం మంచిది. ఆ లెక్కన 14 గుంటలు. కానీ వరి విషయంలో ఇంకో చిక్కుంది: 14 గుంటల మడి కోసం హార్వెస్టర్ ప్రత్యేకంగా రాదు. పక్క రైతు కోత రోజే మీదీ కోతకు రావాలి, లేదా కూలీలను పెట్టి కోయించి కళ్ళం చేయాలి. పైగా వరి తాగే నీళ్ళు వేరు, ఆ సంగతి తర్వాత చెబుతాను. బోరు ఒక్కటే ఆధారమైతే వరి వద్దు, పక్క రైతు దగ్గర ఏడాదికి సరిపడా వడ్లు కొనుక్కోండి అనేది నా గట్టి అభిప్రాయం. 14 గుంటలు అక్కడే మిగులుతాయి.

కందిపప్పు 50 కిలోలు కావాలంటే కందులు 70 కిలోలు ఉండాలి. వానాధారంగా ఎకరానికి మూడు, నాలుగు క్వింటాళ్ళు వేసుకుంటే 8 గుంటలు. నూనె నెలకు మూడు లీటర్ల చొప్పున వాడితే దానికి 85 కిలోల పల్లీ గింజ, అంటే 120 కిలోల దాకా కాయ కావాలి, ఎకరానికి ఆరు క్వింటాళ్ళ లెక్కన ఇది కూడా 8 గుంటలు. యాసంగిలో నీళ్ళుంటే వరి కోసిన మడిలోనే పల్లి వేసుకోవచ్చు, అప్పుడు ఆ 8 గుంటలు విడిగా అక్కర్లేదు. పెసర, అలసంద కందిలో అంతర పంటగా వచ్చేస్తాయి, వాటికి వేరే నేల లెక్కేయకండి.

కూరగాయలకు 2 గుంటలు చాలు, రోజూ చూసుకుంటే అందులో పండినవి నలుగురు తినలేరు. పండ్ల చెట్లకు 6 గుంటలు వేసుకుంటే పాతిక అడుగుల దూరంలో పది పెద్ద చెట్లు పడతాయి: మామిడి రెండు, సపోటా, జామ, పనస, ఉసిరి, చింత ఇలా. నిమ్మ, మునగ, కరివేపాకు, బొప్పాయి వాటి సందుల్లో, గట్ల మీద సర్దుకుంటాయి.

ఆవు సంగతి చాలామంది తక్కువగా అంచనా వేస్తారు. ఒక పాడి ఆవుకు రోజుకు 25 కిలోల పచ్చిగడ్డి, దాంతో పాటు నాలుగైదు కిలోల ఎండుగడ్డి. పచ్చిగడ్డికి నీటి వసతి ఉన్న 5 గుంటల్లో సూపర్ నేపియర్ వేసుకోవచ్చు, కొట్టానికి ఒక గుంట. ఎండుగడ్డికి మాత్రం మీ 14 గుంటల వరిగడ్డి అయిదు నెలలకు మించి రాదు, మిగతాది కొనాల్సిందే.

ఇల్లు, వాకిలి, సంపు, సెప్టిక్ ట్యాంకు, బండి నిలపడానికి చోటు కలిపి 4 గుంటలు. అంటే 484 గజాలు, నగరంలో అయితే పెద్ద స్థలమే. బాట, గట్లు, వాన నీటి కుంట, కట్టెలు, ఎరువు కుప్ప వీటన్నిటికీ కలిపి 5.

అన్నీ కూడితే 53 గుంటలు, అంటే ఎకరం 13 గుంటలు. వరి మానేస్తే 39. వరి, ఆవు రెండూ మానేస్తే 33. పప్పు, నూనె కూడా కొనుక్కుందాం, కూరగాయలు పండ్లు మాత్రమే మనవి అనుకుంటే 17 గుంటలతో అయిపోతుంది. మీ ఇంటి అంకెలతో ఇదే లెక్క మళ్ళీ వేసుకోండి, జొన్నరొట్టె తినే ఇంటికి వరి భాగం సగమైపోతుంది, పెద్దవాళ్ళు ఇద్దరే ఉంటే తిండి పంటల భాగం సగం.

4. ఆ లెక్కను మే నెల నీళ్ళతో కోయండి

కాగితం మీద 53 గుంటలు వచ్చినా, నీళ్ళు 20 గుంటలకే ఉంటే మీ చేను 20 గుంటలే.

అందుకే భూమి చూడటానికి ఏప్రిల్, మే నెలల్లో వెళ్ళండి. ఆగస్టులో పచ్చగా లేని ఊరు ఉండదు. బోరు ఉంటే 200 లీటర్ల డ్రమ్ము ఒకటి పైపు కింద పెట్టి ఫోన్‌లో టైమ్ చూడండి. అది కూడా మోటారు వేయగానే కాదు, రెండు గంటలు ఆగకుండా నడిచిన తర్వాత. మొదట్లో పైపు నిండా దూకే నీళ్ళు కాసేపటికి సన్నబడి, గాలి కొడుతూ ఆగి ఆగి పోయడం చాలా బోర్లలో కనిపిస్తుంది. రెండు గంటల తర్వాత కూడా డ్రమ్ము మూడు నిమిషాల్లో నిండితే గంటకు 4,000 లీటర్లు. రోజుకు ఏడు గంటలు నడిపితే 28,000.

ఇప్పుడు చేను ఎంత తాగుతుందో చూడండి. ఎండాకాలంలో తోట రోజుకు 5 మిల్లీమీటర్ల నీరు పీల్చుకుంటుందని వేసుకుంటే, ఎకరానికి 20,000 లీటర్లు, అదీ డ్రిప్ పెడితే. అంటే పైన చెప్పిన బోరు ఎండాకాలంలో ఎకరం పావు దాకా కాపాడుతుంది. డ్రమ్ము నిండటానికి ఆరు నిమిషాలు పట్టే బోరైతే పాతిక గుంటలు. వరికి పంటకాలం మొత్తంలో వెయ్యి మిల్లీమీటర్లకు పైగా నీరు పడుతుంది, ఎకరానికి 40 లక్షల లీటర్లు దాటుతుంది, అందులో వాన ఎంత ఇస్తే అంత పోను మిగతాది బోరే పోయాలి. మెట్టలో బోరు కింద వరి వద్దని ఎందుకన్నానో ఇక్కడ తెలుస్తుంది.

బోరు లేని భూమి అయితే చుట్టూ ఉన్న నాలుగైదు బోర్ల లోతు, ఎన్ని ఎండిపోయాయి, ఎన్ని వేస్తే ఒకటి పడింది అనేవి అడగాలి. అమ్మేవాళ్ళను కాదు, పక్క చేలో పనిచేస్తున్నవాళ్ళను. "అన్నా, మీ బోరు ఎండాకాలం ఎట్ల పోస్తది?" అని అడిగితే నిజం చెబుతారు, వాళ్ళకు దాచాల్సిన అవసరం లేదు. కొత్త బోరుకు 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల సంరక్షణ) చట్టం కింద అనుమతి కావాలి, పక్క బోరుకు ఉండాల్సిన దూరం కూడా చూస్తారు, చిన్న ముక్కల్లో ఈ దూరం దగ్గరే చిక్కు వస్తుంది. నల్గొండ వైపు చూస్తున్నవాళ్ళు నీటిలో ఫ్లోరైడ్ పరీక్ష చేయించకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే అది తాగే నీరు కాదు.

వాన నీరు తక్కువేం కాదు. 800 మిల్లీమీటర్ల వాన పడే చోట ఎకరం మీద ఏడాదికి 32 లక్షల లీటర్లు పడుతుంది. వెయ్యి అడుగుల కప్పు ఉన్న ఇంటి మీద నుంచే 60,000 లీటర్లు పట్టుకోవచ్చు, ఇద్దరి తాగుడు వంటలకు ఏడాదంతా ధోకా ఉండదు. అందుకే పైన నీటి కుంటకు చోటు వేశాను, దాన్ని తీసేయకండి.

కాలువ కింద భూమి లెక్క వేరు. గోదావరి డెల్టాలో 50 సెంట్లు చేసే పని మెట్టలో ఎకరం చేయదు. కానీ అక్కడ పల్లపు చేలో ఇల్లు కట్టాలంటే ముందు మెరక చేయించాలి, ఆ మట్టి ఖర్చు భూమి ఖర్చుతో కలిపి చూసుకోండి. నల్లరేగడిలో అయితే ఎండాకాలం నేల పగులుతుంది, వానాకాలం ఉబ్బుతుంది, గోడలు బీటలివ్వకుండా పునాది లోతుగా వేయాలి, వానల్లో కారు చేలోకి రాదు. ఒక్క చెలక (ఎర్ర ఇసుక నేల) చెక్క రోడ్డు పక్కన ఉంటే ఇల్లు దాని మీద, పంట రేగడిలో, అదే మంచి కలయిక.

5. చేతులు లెక్కపెట్టండి

డ్రిప్ ఉండి, ఆకులు గడ్డి కప్పుతూ కలుపు అణచగలిగితే రోజూ పనిచేసే ఒక మనిషి ఎకరం దాకా చూసుకోగలరు. ఆవు ఉంటే అందులో రోజుకు రెండు మూడు గంటలు దానికే. వారాంతాల్లో మాత్రమే వచ్చేవాళ్ళు పది గుంటలు దాటితే మనిషిని పెట్టాలి, మనిషిని పెడితే ఆ మనిషి కుటుంబానికి ఇల్లు, నెల జీతం, కరెంటు కావాలి, రెండెకరాల మీద వచ్చే రాబడి ఆ జీతానికి సరిపోదు.

కూలీలు దొరుకుతారులే అనుకోకండి. పత్తి ఏరే రోజుల్లో, నాట్ల రోజుల్లో ఊరంతా ఒకే పని మీద ఉంటుంది, అదే సమయంలో మీ చేలో కలుపు మోకాలెత్తు ఉంటుంది. ఊళ్ళో పనిచేసే ఆడవాళ్ళతో మాట్లాడి, ఏ నెలల్లో వాళ్ళకు తీరిక ఉంటుందో కనుక్కుని దాన్ని బట్టి పంట ఎంచుకోవడం తెలివైన పని.

6. ఎన్ని గుంటలనేదే కాదు, ఏ ఆకారంలో ఉంది

చదరంగా ఉన్న ఎకరం చుట్టూ కంచె 836 అడుగులు. అదే ఎకరం 66 అడుగుల వెడల్పుతో 660 అడుగుల పొడవు పట్టీలా ఉంటే 1,452 అడుగులు. పది అడుగులకో కడీ (కంచె రాతి స్తంభం) పాతితే మొదటిదానికి 84, రెండోదానికి 145. భూమి అంతే, కంచె ఖర్చు మాత్రం దాదాపు ముప్పావు వంతు పెరిగింది. అడవి పందులు, కోతులు తిరిగే ఊళ్ళలో కంచె లేకుండా పల్లి, మొక్కజొన్న, కూరగాయలు ఇంటికి రావు, కోతులకైతే కంచె కూడా చాలదు, మనిషి ఉండాల్సిందే.

పట్టీలా ఉన్న భూమికి ఇంకో కష్టం ఉంది. పక్కవాళ్ళు పత్తికి కొట్టే మందు 66 అడుగుల వెడల్పున్న చేనంతా వస్తుంది. మందులు లేకుండా పండించాలనుకునేవాళ్ళు పక్క చేనువైపు రెండు మూడు వరుసలు దట్టమైన చెట్లు పెట్టుకోవాలి, దానికి కనీసం పదిహేను అడుగులు పోతుంది. ఆ నేలను ముందే లెక్కలో తీసేయండి.

బాట గురించి రెండే మాటలు. నక్షాలో (ఊరి భూముల పటంలో) ఉన్న బాట మీ చేను దాకా రావాలి. "అందరూ ఇట్లనే పోతరు" అనే బాట రేపు పక్క భూమి చేతులు మారితే ఉండదు.

7. డబ్బును భూమి మీదే అవగొట్టొద్దు

మీ దగ్గరున్న మొత్తంలో సగం మించి భూమికి పెట్టకండి. మిగతా సగంలో రిజిస్ట్రేషన్, బోరు, మోటారు, కరెంటు కనెక్షన్, కంచె, డ్రిప్, ఇల్లు, మొదటి రెండేళ్ళ తిండి ఉన్నాయి. మూడెకరాలు కొని కంచెకు డబ్బుల్లేక, బోరు వాయిదా వేసి, చివరికి పక్క రైతుకు పశువులు మేపుకోవడానికి వదిలేసిన భూములు హైదరాబాద్ చుట్టూ ఎన్నో కనిపిస్తాయి. నీళ్ళు, కంచె, ఇల్లు ఉన్న 30 గుంటలు వాటికన్నా ఎక్కువ తిండి పెడతాయి.

ఎంత కావాలో ఇంకా తేలకపోతే ఒక పని చేయండి. మీకు నచ్చిన ఊళ్ళో అరెకరమో ఎకరమో ఒక పంటకాలానికి కౌలుకు తీసుకోండి, చిన్న ఇల్లు అద్దెకు తీసుకోండి. వానాకాలం నాట్ల నుంచి సంక్రాంతి దాకా అక్కడ ఉంటే ఊరు తెలుస్తుంది, నేల తెలుస్తుంది, మీ నడుము ఎంత పనికి తట్టుకుంటుందో తెలుస్తుంది. కౌలు డబ్బులు పోయినా భూమి ధరతో పోలిస్తే అది చాలా చిన్న మొత్తం. తర్వాత కొన్నా కొంచెం తక్కువే కొని, పక్క భూమి రైతుకు "ఎప్పుడైనా అమ్ముకోవాలనుకుంటే ముందు మాకు చెప్పు పెద్దయ్యా" అని చెప్పి ఉంచండి. పెంచుకోవడం కుదురుతుంది, ఎక్కువైనదాన్ని ముక్క చేసి అమ్మడం మాత్రం తలనొప్పి.

8. కాగితం మీద విస్తీర్ణం, నేల మీద విస్తీర్ణం

తెలంగాణలో 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి పోర్టల్ వచ్చింది, అందులో సర్వే నంబరు, పట్టాదారు పేరు, విస్తీర్ణం చూడొచ్చు. ఆంధ్రలో మీభూమి పోర్టల్‌లో 1బీ, అడంగల్ (హక్కు, సాగు రికార్డులు) ఉంటాయి, రీసర్వే అయిన ఊళ్ళలో పాత సర్వే నంబరుకు బదులు ఎల్‌పీఎం (భూ కమతం పటం) నంబరు ఉంటుంది. రెండు చోట్లా ఈసీ (ఆ భూమి మీద జరిగిన అమ్మకాలు, తాకట్ల వివరం) తీయాలి, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఎ నిషేధిత జాబితాలో ఆ నంబరు ఉందేమో చూడాలి. ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమిని కొంటే 1977 చట్టం ప్రకారం సాధారణంగా ఆ కొనుగోలు చెల్లదు, ధర తక్కువగా చెబితే మొదట అనుమానించాల్సింది అదే. చెరువు శిఖంలో (చెరువు నీళ్ళు నిలిచే భాగంలో) ఉన్న ముక్క ఎండాకాలంలో మంచి చేనులా కనిపిస్తుంది. తెలంగాణలో 38-ఇ రక్షిత కౌలుదారుల హక్కు (పాత కౌలుదారులకు ఆ భూమి మీద వచ్చిన యాజమాన్య హక్కు) ఉందేమో పాత పహాణీలు (ఏటా రాసే భూమి రికార్డులు) తీయించి వకీలుకు చూపించండి.

పహాణీలో ఎకరం అని ఉన్నా అందులో పోటు ఖరాబు (సాగుకు పనికిరాని నేల), బండ, వాగు కోసుకుపోయిన భాగం పోను నేల మీద 34 గుంటలే ఉండొచ్చు. మీ లెక్కకు 39 కావాలంటే ఆ అయిదు గుంటలు మీ పల్లి, మీ కంది. కాబట్టి సర్వేయర్‌తో, పక్క హద్దుల రైతులందరి ఎదుట కొలిపించండి. ఇల్లు కట్టే భాగానికి అనుమతి, భూ వినియోగం మార్పు ఎలా అనేది పంచాయతీలో, తహసీల్దార్ ఆఫీసులో ముందే అడగండి. ఫార్మ్ ప్లాట్ల పేరుతో రెండు గుంటలు, అయిదు గుంటలు అమ్మే చోట విడి హద్దులు, విడి పాస్‌బుక్, లేఅవుట్ అనుమతి లేకపోతే దూరంగా ఉండండి.

విదేశాల్లో ఉన్న మనవాళ్ళకు ఒక మాట: ఎన్ఆర్ఐలు, ఓసీఐ కార్డు ఉన్నవాళ్ళు (విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్ళు) ఫెమా (విదేశీ మారక ద్రవ్య చట్టం) నిబంధనల ప్రకారం వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనడానికి వీల్లేదు, వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. తిరిగొచ్చి స్థిరపడదామనుకుంటే, వచ్చి ఇక్కడ నివాసి హోదా వచ్చాకే కొనండి. అప్పటిదాకా అమ్మానాన్నల ఊళ్ళో కౌలు దారి ఉండనే ఉంది.

9. అగ్రిమెంట్‌లో గుంట ధర రాయించండి

"ఎకరం మొత్తం ఇంత" అని బేరం చేయొద్దు. గుంటకు ఇంత అని మాట్లాడి, సర్వేలో తేలిన సాగు విస్తీర్ణానికే డబ్బులు చెల్లిస్తామని, తక్కువొస్తే ఆ మేరకు తగ్గుతుందని అగ్రిమెంట్‌లో రాయించండి. నాలుగు హద్దులు, బాట ఎటు నుంచి, బోరు, మోటారు, కరెంటు సర్వీసు నంబరు అమ్మకంలో కలిసి ఉన్నాయా లేదా, చేలో నిలిచి ఉన్న పంట ఎవరిది, ఎప్పటిలోగా ఖాళీ చేస్తారు అన్నవి కూడా అందులోనే ఉండాలి. అడ్వాన్స్ కొంచెమే ఇవ్వండి, కొలత అయ్యాకే పెద్ద మొత్తం. కొలతకు ఒప్పుకోని అమ్మకందారు దగ్గర ఎంత మంచి భూమి ఉన్నా కొనకండి.